'ఏ' నొక్కితే ఎనిమిదీ వెలిగాయి: ఒకటో పోర్టు రిపేరు డైరీ

మొదటి రోజు

నా పాత వీడియో గేమ్ కన్సోల్‌లో కంట్రోలర్ తగిలించే ఒకటో పోర్టు ఈ సాయంత్రం పూర్తిగా మొరాయించింది. కొన్ని వారాలుగా బటన్లు అప్పుడప్పుడూ పలకకపోవడం, కంట్రోలర్ ఊడదీసి మళ్లీ పెడితే సర్దుకోవడం జరుగుతూనే ఉంది. ఈరోజు ఎన్నిసార్లు తీసి పెట్టినా మార్పు లేదు. స్టార్ట్ నొక్కితే ఆట మొదలు కాదు, దిశల బటన్లు నొక్కితే బొమ్మ కదలదు. అదే కంట్రోలర్‌ను రెండో పోర్టులో పెడితే అన్ని బటన్లూ చక్కగా పనిచేస్తున్నాయి. రెండో కంట్రోలర్‌ను ఒకటో పోర్టులో పెడితే అదీ మూగబోతోంది. అంటే కంట్రోలర్లు రెండూ మంచివే. తప్పు పెట్టె లోపల ఉంది.

కన్సోల్ నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్. ఎన్‌ఈఎస్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. అన్నయ్య ఆడుకుని నాకిచ్చాడు. జపాన్‌లో 1983 జులైలో ఫామికామ్ పేరుతో వచ్చిన యంత్రాన్ని కొత్త పెట్టెలో బిగించి 1985లో అమెరికాలో ఈ పేరుతో విడుదల చేశారు. ఫామికామ్‌లో కంట్రోలర్ల వైర్లు నేరుగా పెట్టెలోకే వెళ్లేవి. బయటి నుంచి ఊడదీసే వీలు ఉండేది కాదు. ఎన్‌ఈఎస్‌లో ముందువైపు ఏడేసి పిన్నులతో రెండు పోర్టులు పెట్టారు. కంట్రోలర్ పాడైతే మరొకటి తగిలించుకోవచ్చు. కానీ ఆ పోర్టే పాడైతే మంచి కంట్రోలర్ చేతిలో ఉన్నా ప్రయోజనం లేదు. పైగా ఒకరే ఆడే ఆటలు దాదాపు అన్నీ ఒకటో పోర్టునే చూస్తాయి.

ఈ యంత్రం కోసం చిన్న చిన్న ఆటలు రాయడం నాకు ఇష్టమైన పని. అందుకోసం ఎప్పుడో రాసి పెట్టుకున్న పరీక్ష ప్రోగ్రాం ఒకటి ఉంది. తెరమీద పోర్టుకు ఎనిమిది చొప్పున గళ్లు కనిపిస్తాయి. ఏ బటన్ నొక్కితే దానికి సంబంధించిన గడి వెలుగుతుంది. దాన్ని నడిపి, ఒకటో పోర్టులో బటన్లను ఒక్కొక్కటిగా నొక్కుతూ వచ్చాను. పైకి, కిందికి, ఎడమ, కుడి: ఏమీ లేదు. స్టార్ట్, సెలెక్ట్: ఏమీ లేదు. 'బి': ఏమీ లేదు. 'ఏ' నొక్కాను. ఎనిమిది గళ్లూ ఒక్కసారిగా వెలిగాయి. వేలు తీయగానే ఎనిమిదీ ఆరిపోయాయి.

ఆ క్షణం నుంచి ఇది విసుగు పుట్టించే సమస్య కాకుండా పోయింది. ఏ బటనూ పనిచేయకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. ఇంత నిర్దిష్టంగా తప్పు చేస్తున్నప్పుడు మాత్రం యంత్రం తన లోపం ఎక్కడుందో తానే చెబుతోందన్నమాట. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించే ముందు ఆ మాట పూర్తిగా వినాలని స్క్రూడ్రైవర్‌ను పక్కన పెట్టేశాను.

అదే రాత్రి, కాగితం మీద

కంట్రోలర్ విప్పి చూస్తే లోపల ఉండే చిప్ ఒక్కటే. దాని పేరు 4021. అది ఎనిమిది బిట్ల షిఫ్ట్ రిజిస్టర్. కంట్రోలర్‌లో బటన్లు ఎనిమిది, సమాచారం తెచ్చే వైరు మాత్రం ఒకటే. ఎనిమిది మంది ఇరుకు గుమ్మం ముందు వరుసగా నిలబడి ఒక్కొక్కరుగా బయటికి వచ్చినట్టు బటన్ల స్థితి ఆ వైరు మీదుగా వస్తుంది. వరుస ఎప్పుడూ మారదు: 'ఏ', 'బి', సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి.

ఇందుకు మూడు వైర్లు కలిసి పనిచేస్తాయి. మొదటిది లాచ్. కన్సోల్ ఈ వైరును ఒక్క క్షణం పైకెత్తి దించుతుంది. ఆ క్షణంలో ఏయే బటన్లు నొక్కి ఉన్నాయో చిప్ పట్టి ఉంచుకుంటుంది. రెండోది డేటా. వరుసలో ముందున్న 'ఏ' స్థితి అప్పటికే ఈ వైరు మీద సిద్ధంగా ఉంటుంది. మూడోది క్లాక్. కన్సోల్ ఒకసారి చదవడం ముగించినప్పుడల్లా ఈ వైరు మీద ఒక తట్టు వెళుతుంది. ఆ తట్టుకు వరుస ఒక అడుగు ముందుకు జరిగి తరువాతి బటన్ గుమ్మంలోకి వస్తుంది. ఎనిమిదిసార్లు చదివితే ఎనిమిది బటన్లూ తెలిసిపోతాయి.

ఇప్పుడు క్లాక్ వైరు తెగిందనుకుందాం. లాచ్ పనిచేస్తుంది, వరుస ఏర్పడుతుంది, 'ఏ' గుమ్మంలో నిలబడుతుంది. కన్సోల్ ఒకసారి చదివి తట్టు పంపుతుంది. అది కంట్రోలర్‌కు చేరదు కనుక వరుస కదలదు. రెండోసారి చదివినా గుమ్మంలో ఉన్నది 'ఏ' యే. ఎనిమిదిసార్లు అడిగినా జవాబు అదే. 'ఏ' నొక్కి ఉంటే ఎనిమిదీ నొక్కినట్టు, లేకపోతే ఒక్కటీ నొక్కనట్టు లెక్క. నా తెర చూపించింది సరిగ్గా ఇదే.

ఇదే లక్షణానికి ఇంకొక కారణం కూడా ఉండవచ్చు. లాచ్ వైరు ఎప్పుడూ పైకెత్తి ఉన్న స్థితిలో ఇరుక్కుపోతే, చిప్ వరుసను ముందుకు జరపదు. అప్పుడూ గుమ్మంలో 'ఏ' ఒక్కటే కనిపిస్తుంది. కానీ బోర్డు మీద రెండు పోర్టులకూ లాచ్ ఒక్కచోటి నుంచే వెళుతుంది. అది ఇరుక్కుంటే రెండో పోర్టూ పాడవాలి. రెండో పోర్టు బాగుంది కనుక అనుమానం క్లాక్ మీదే నిలిచింది.

మరి తప్పు ప్రాసెసర్‌లో ఉంటే? ఆ భయాన్నీ కాగితం మీదే తీర్చుకున్నాను. ఒకటో పోర్టును చదివేటప్పుడు ప్రాసెసర్ ఒక సంకేతం పంపుతుంది. అది రెండు పనులు చేస్తుంది. బోర్డు మీద ఉన్న 40హెచ్368 అనే బఫర్ చిప్‌ను తెరిచి కంట్రోలర్ డేటాను లోపలికి రానిస్తుంది. అదే సంకేతం క్లాక్‌గా పోర్టుకూ వెళుతుంది. 'ఏ' సరిగ్గా చదవగలుగుతున్నాం అంటే బఫర్ తెరుచుకుంటోంది. అంటే సంకేతం పుడుతోంది, బఫర్ వరకూ చేరుతోంది. తెగింది అక్కడి నుంచి పోర్టు పిన్ను వరకు ఉన్న దారిలోనే.

పోర్టు పనిచేయకపోతే వెంటనే 40హెచ్368 మార్చేయాలనే సలహా చాలామంది ఇస్తారు. ఆ చిప్‌లు స్థిర విద్యుత్తుకు దెబ్బతినే మాట నిజమే. కానీ అది పాడైనప్పుడు కనిపించే తీరు వేరు. ఏం నొక్కినా నొక్కకపోయినా ఒకే జవాబు వస్తుంది. 'ఏ' నొక్కితే వెలిగి, వదిలితే ఆరిపోయే గళ్లు నా ముందున్నాయి. పదహారు కాళ్ల చిప్‌ను దశాబ్దాల నాటి బోర్డు మీద నుంచి పీకితే కింద ఉన్న రాగి పట్టీలు లేచిపోయే ప్రమాదం ఉంది. ఆధారం లేకుండా దాని జోలికి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

రెండో రోజు

విప్పాను. అడాప్టర్ ఊడదీసి కొంతసేపు వదిలేశాకే మొదలుపెట్టాను. ఈ కన్సోల్‌లోకి అడాప్టర్ నుంచి వచ్చేది 9 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు. దాన్ని లోపలే సరిచేసి 7805 రెగ్యులేటర్ 5 వోల్టులుగా మారుస్తుంది. ఇంటి కరెంటు పెట్టెలోకి రాదు కనుక ప్రాణభయం లేదు. అయినా 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి లోపల ఉంది. అది ఖాళీ అయ్యేదాకా ఆగడంలో నష్టమేమీ లేదు.

అడుగున ఆరు స్క్రూలు. పై మూత లేస్తే లోహపు కవచం, దాని కింద ఆట ఉండే డబ్బా, అంటే క్యాట్రిడ్జ్ కూర్చునే పళ్లెం, దాని కింద బోర్డు. ప్రతి దశలో ఫొటో తీసుకున్నాను. స్క్రూలను విప్పిన వరుసలోనే ఒక అట్ట మీద గుచ్చి పెట్టాను, ఎందుకంటే పొడవులన్నీ ఒకటి కావు.

పోర్టులు బోర్డు మీద నేరుగా లేవు. ఒక్కొక్క పోర్టు వెనక నుంచి ఏడు వైర్ల కట్ట వచ్చి బోర్డు మీది సాకెట్‌లో దూరుతుంది. ఇది చాలా మంచి ఏర్పాటు. రెండు కట్టలనూ సాకెట్ల నుంచి ఊడదీసి అటుదిటు మార్చి పెడితే తప్పు వైపు తేలిపోతుంది. తప్పు బోర్డులో ఉంటే ఒకటో సాకెట్ దగ్గరే ఉండిపోతుంది. కట్టలో ఉంటే కట్టతో పాటు రెండో సాకెట్‌కు వెళుతుంది. మార్చే ముందు రెండు సాకెట్లలోనూ గ్రౌండ్, 5 వోల్టులు ఒకే చోట ఉన్నాయని మల్టీమీటర్‌తో నిర్ధారించుకున్నాను. కట్టను పీకేటప్పుడు వైర్లు పట్టుకుని లాగకూడదు. ప్లాస్టిక్ భాగాన్ని రెండు వేళ్లతో పట్టి అటూ ఇటూ మెల్లగా కదుపుతూ లేపాలి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది.

మార్చి పెట్టి కరెంటు ఇచ్చాను. తప్పు కట్టతో పాటే వెళ్లింది. రెండో పోర్టు కట్టను ఒకటో సాకెట్‌లో పెడితే ఒకటో ఆటగాడి గళ్లన్నీ సరిగ్గా వెలుగుతున్నాయి. ఒకటో పోర్టు కట్ట రెండో సాకెట్‌లోనూ అదే పాట పాడుతోంది: 'ఏ' నొక్కితే ఎనిమిదీ. బోర్డు క్షేమం. ప్రాసెసర్ క్షేమం. నిన్న రాత్రి కాగితం మీద తేల్చుకున్నది ఈరోజు చేతిలో నిజమైంది. నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

తరువాత కట్టను పూర్తిగా బయటికి తీసి కంటిన్యుటీ చూశాను, అంటే వైరు తెగకుండా ఉంటే మీటరు కూస్తుంది. ఎదురుగా చూస్తే పోర్టులో ఒక వరుసలో నాలుగు పిన్నులు, ఇంకొక వరుసలో మూడు. నాలుగు ఉన్న వరుసలో గ్రౌండ్, క్లాక్, లాచ్, డేటా. మూడు ఉన్న వరుసలో 5 వోల్టులు, డి3, డి4. చివరి రెండింటినీ మామూలు కంట్రోలర్ వాడదు, తెరకు గురిపెట్టి ఆడే జాపర్ అనే బొమ్మ తుపాకీ వంటివి వాడతాయి. వైర్ల రంగులను నేను నమ్మను. ఒక్కొక్క పిన్నూ మీటరుతోనే వెతికాను. ఆరు వైర్లు ఒక ఓమ్ లోపే చూపించాయి. క్లాక్ వైరు దగ్గర మీటరు మౌనంగా ఉండిపోయింది.

పిన్నుకు తుప్పు లేదు, వంగలేదు. వెనక అతుకు గట్టిగా ఉంది. వైరును వేళ్ల మధ్య సాగదీస్తూ వెళ్లాను. సాకెట్‌కు కొంచెం ఇవతల, పై తొడుగు ఒకచోట చదునుగా నలిగి మెరుస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే తొడుగు మీద సన్నని కోత. ఆ చోటు వంచితే మామూలు వైరులా గుండ్రంగా వంగలేదు, మడత పడింది. లోపల రాగి పోగులు తెగిపోయాయి.

ఆ గాటు ఎలా పడిందో ఫొటోలు చూస్తే అర్థమైంది. కవచం విప్పకముందు తీసిన ఫొటోలో ఈ వైరు లోహపు కవచం అంచు కిందుగా పోతోంది. మిగతా ఆరూ కవచానికి బయట ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం కన్సోల్ ఒకసారి వేరేచోట విప్పించుకుంది. కవచం తిరిగి బిగించేటప్పుడు ఒక వైరు దాని అంచు కింద ఉండిపోయింది. పెట్టెను కదిపిన ప్రతిసారీ అంచు ఆ వైరును కొంచెం కొంచెంగా కోస్తూ వచ్చింది.

ఇక్కడే ఇంకొక పాత చిక్కు ముడి విడిపోయింది. చాలాకాలంగా ఈ కన్సోల్‌ను ఆట నడుస్తుండగా కొంచెం జరిపితే తెర స్తంభించిపోయేది. క్యాట్రిడ్జ్ దూరే 72 పిన్నుల కనెక్టరు వదులైందని నేనూ అన్నయ్యా అనుకున్నాం. ఈ మోడల్‌లో ఆ కనెక్టరు అరగడం అందరికీ తెలిసిందే కనుక ఇంకొక కారణం వెతకలేదు. ఈరోజు తెగిన వైరు బోర్డు వైపు ముక్కకు మీటరు తీగ ఒకటి తగిలించి, రెండోదాన్ని కవచానికి ఆనించి, వైరును పాత చోటే పెట్టి వంచాను. మీటరు కూసింది. కోత లోంచి బయటికి వచ్చిన ఒక రాగి పోగు కవచాన్ని తాకుతోంది. కవచం గ్రౌండ్. అంటే పెట్టె కదిలినప్పుడల్లా క్లాక్ లైను గ్రౌండ్‌కు అంటుకుంటోంది.

ఆ లైను బఫర్‌ను తెరిచే సంకేతం కూడా అని నిన్న రాసుకున్నాను కదా. అది గ్రౌండ్‌కు అంటుకుంటే బఫర్ తెరిచే ఉండిపోతుంది. ప్రాసెసర్ ఆట ప్రోగ్రాంను చదువుతున్న దారిలోకే కంట్రోలర్ డేటా కూడా చొరబడుతుంది. ప్రాసెసర్ తప్పు ఆదేశాలు చదువుతుంది, ఆట ఆగిపోతుంది. వైరు పూర్తిగా తెగకముందు నుంచీ మాకు కనిపించిన స్తంభనకు ఇదే మూలం అయి ఉండాలి. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. "అంటే ఇన్నాళ్లూ క్యాట్రిడ్జ్‌లను తిట్టుకున్నాం కదరా" అన్నాడు తరువాత. "అవును అన్నయ్యా, ఆ కనెక్టరును ఊరికే అనుమానించాం" అన్నాను.

మూడో రోజు

చేయాల్సింది చిన్న పని: నలిగిన ముక్క కోసి, అంతే మందం ఉన్న మెత్తని వైరు మధ్యలో అతకడం. వేరే కన్సోల్ నుంచి తీసిన పూర్తి కట్ట పెట్టే దారి ఉంది. పోర్టు మొత్తం మార్చేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ రెండూ నచ్చలేదు. పిన్నులు బాగున్నాయి, ఆరు వైర్లు బాగున్నాయి. పాడైనది వేలి గోరంత చోటు. అంతవరకే చేయి పెట్టాలి.

నలిగిన చోటుకు రెండు వైపులా రాగి మెరుస్తూ కనిపించే దాకా కోశాను. అక్కడే మొదటి అతుకు చెడింది. పాత రాగి పైకి ఎర్రగానే ఉన్నా పోగుల మధ్య నల్లబడి ఉంది. టంకం దాని మీద పారకుండా గుండులా ఉండిపోయింది. అలాంటి అతుకు మీటరు ముందు పాసవుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ విడుస్తుంది. కరిగించి తీసేశాను. ఇంకొంచెం వెనక్కి కోసి, పోగులను విడదీసి చిన్న కత్తి మొనతో మెల్లగా గీకి, టంకం బాగా పట్టేలా చేసే ఫ్లక్స్ రాసి, ముందు రెండు కొనలకూ విడివిడిగా పలచగా టంకం పట్టించాను. ఈసారి టంకం నీళ్లలా పోగుల మధ్యకు పాకింది.

కొనలు రెండూ ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఆనించి అతికాను. టంకం 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్నది. 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మధ్యలో జావలా ఉండే దశ లేకుండా ఒక్కసారిగా గట్టిపడుతుంది కనుక పాత వైర్లకు ఇది నాకు నమ్మకమైనది. చల్లారేటప్పుడు వైరు కదలకుండా చిన్న బిగింపు పెట్టాను. హీట్ ష్రింక్ గొట్టాలను అతకడానికి ముందే వైరుకు ఎక్కించి దూరంగా జరిపి ఉంచాలి. దగ్గరగా ఉంటే ఐరన్ వేడికి అక్కడే ముడుచుకుపోతాయి. అతుకులు రెండూ పక్కపక్కన పడితే కట్ట అక్కడ లావై మళ్లీ ఎక్కడైనా ఇరుక్కుంటుంది. అందుకే ఒక అతుకు పోర్టు వైపు, రెండోది సాకెట్ వైపు వచ్చేలా కొత్త ముక్క పొడవు చూసుకున్నాను.

మిగిలిన ఆరు వైర్లనూ భూతద్దం కింద ఒకసారి చూశాను. ఒకదాని మీద కవచం అంచు గీత ఉంది, రాగి బయటపడలేదు. దానికి వేడిని తట్టుకునే పసుపు పచ్చని పాలీఇమైడ్ టేపు ఒక చుట్టు వేశాను. పోర్టు పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. గరుకు కాగితం వాడలేదు. పిన్నుల మీద ఉన్న పూత గీసుకుపోతే ఆ తరువాత తుప్పు ఆగదు.

నాలుగో రోజు

కరెంటు ఇచ్చే ముందు మీటరు పని. ఏడు వైర్లూ ఈ చివర నుంచి ఆ చివరకు మోగాయి. పక్కపక్క వైర్ల మధ్య ఏదీ మోగలేదు. 5 వోల్టులకు, గ్రౌండ్‌కు మధ్య షార్టు లేదు. కట్టను అటూ ఇటూ వంచుతూ క్లాక్ వైరును ఇంకోసారి చూశాను. మీటరు కూత ఎక్కడా తెగలేదు.

కట్టను ఒకటో సాకెట్‌లో పెట్టి, మూత తెరిచే ఉంచి కన్సోల్ ఆన్ చేశాను. పోర్టు దగ్గర 5 వోల్టుల పిన్ను 4.98 చూపింది. క్లాక్ పిన్ను 5కు దగ్గరగా ఉంది. అది మామూలుగా పైనే ఉండి, చదివినప్పుడు మాత్రం సెకనులో పది లక్షలవ వంతు కంటే తక్కువసేపు కిందికి దిగుతుంది. అంత చిన్న కదలిక మల్టీమీటర్‌కు అందదు. అంత వేగమైన మార్పులను గీసి చూపే ఆసిలోస్కోప్ నాకు లేదు. తెరమీది గళ్లే నా ఆసిలోస్కోప్.

'ఏ' నొక్కాను. ఒక్క గడి వెలిగింది.

'బి'. ఒక్కటి. సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిశలు. ఎనిమిది బటన్లు, ఎనిమిది గళ్లు, దేనికి అదే. రెండేసి, మూడేసి బటన్లు కలిపి నొక్కాను. వైరు కట్టను చెక్క పుల్లతో కదుపుతూ నొక్కాను. తప్పు లేదు.

మామూలు కంట్రోలర్ డి3, డి4 వాడదు కనుక ఈ ఎనిమిది గళ్లు వెలిగినంత మాత్రాన పోర్టు మొత్తం బాగుందని చెప్పలేం. ఈ విషయం చాలామంది మరిచిపోతారు. జాపర్‌ను ఒకటో పోర్టులో పెట్టి, ట్రిగ్గర్ నొక్కితే డి4 మారుతోందని పరీక్ష ప్రోగ్రాంలో చూశాను. డి3 మీద కాంతి సంకేతం వస్తుంది. దానికి పాత పిక్చర్ ట్యూబు టీవీ కావాలి. ఎల్‌సీడీ తెరలతో జాపర్ పనిచేయదు. డి3 వైరును మీటరుతోనే సరిచూసి సరిపెట్టుకున్నాను.

ఇలాంటి రిపేరు తలపెట్టినవారికి పనికొస్తుందని ఇంకొక మాట రాసుకుంటున్నాను. డేటా వైరు ఒక్కటే తెగితే కన్సోల్‌కు ఏ బటనూ నొక్కినట్టు తెలియదు. 5 వోల్టులో, గ్రౌండో తెగితే లక్షణాలు అయోమయంగా ఉంటాయి. మిగతా సంకేతాల వైర్ల నుంచి చిప్ కొంచెం కరెంటు దొంగిలించుకుని అర్ధప్రాణంతో నడుస్తుంది, గళ్లు వాటంతట అవే మినుకుమినుకుమంటాయి. ఎప్పుడూ నిలకడగా ఒకే తప్పు కనిపిస్తోందంటే సంకేతాల వైరును, నిలకడ లేకపోతే కరెంటు వైర్లను ముందు అనుమానిస్తాను.

ఐదో రోజు

నేను రాస్తున్న చిన్న ఆటను ఒకటో పోర్టుతో ఆడుతుండగా బొమ్మ నా ప్రమేయం లేకుండా కుడివైపు ఒక అడుగు వేసింది. కొంతసేపటికి మళ్లీ. గుండె జారింది. అతుకు విడిందేమోనని స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను. అంతలో ఎందుకో కంట్రోలర్‌ను రెండో పోర్టుకు మార్చి, ప్రోగ్రాంలో రెండో పోర్టును చదివించి చూశాను. అక్కడా అదే. పరీక్ష ప్రోగ్రాంలో మాత్రం రెండు పోర్టుల్లోనూ కుడి గడి ఒక్కసారి కూడా తప్పుగా వెలగలేదు.

రెండు ప్రోగ్రాంలకూ తేడా ఒక్కటే. ఆటలో డప్పు శబ్దం ఉంది. ఆ శబ్దం రికార్డు చేసిన ధ్వని ముక్క. దాన్ని ప్రాసెసర్‌లోని ధ్వని భాగం మెమరీ నుంచి తనంతట తానే తెచ్చుకుంటుంది. తెచ్చుకునే ఆ కొద్ది క్షణాలు ప్రాసెసర్‌ను ఆపుతుంది. ఆగడం సరిగ్గా కంట్రోలర్‌ను చదివే క్షణంలో జరిగితే చదవడం రెండుసార్లు జరుగుతుంది. క్లాక్ తట్టు ఒకటి అదనంగా వెళుతుంది. వరుసలో ఒకరు ఎవరి కంటా పడకుండా గుమ్మం దాటిపోతారు. చివర ఒక చోటు ఖాళీ అవుతుంది. ఎనిమిది బటన్లూ అయిపోయాక ఈ కంట్రోలర్ ఇచ్చే జవాబు 'నొక్కి ఉంది' అనే. చివరి చోటు కుడి బటన్‌ది. అందుకే కుడి నొక్కినట్టు కనిపిస్తుంది.

అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ కన్సోళ్లలో ఇది ఉన్నదే. యూరప్ టీవీ పద్ధతి అయిన పాల్ కోసం వచ్చిన ప్రాసెసర్‌లో దీన్ని సరిచేశారు. ఆట రాసేవారు దీనికి చేసే ఉపాయం సులువైనది: కంట్రోలర్‌ను వరుసగా చదువుతూ, రెండుసార్లు ఒకే జవాబు వచ్చేదాకా నమ్మకుండా ఉండటం. నా ఆటలో ఆ కొన్ని వరుసలు చేర్చాను. డప్పు మోగుతూనే ఉంది, బొమ్మ నేను చెప్పినప్పుడే నడుస్తోంది. మొన్న క్లాక్ తట్టు ఒక్కటీ చేరకపోతే ఏమవుతుందో చూశాను. ఈరోజు ఒకటి ఎక్కువైతే ఏమవుతుందో చూశాను. స్క్రూడ్రైవర్‌ను తిరిగి పెట్టెలో పెట్టాను.

ఆరో రోజు

మూసే పని. తొందరపడి మూసినప్పుడే కదా అసలు తప్పు జరిగింది. అందుకే ఈ పనికి ఒక మధ్యాహ్నం మొత్తం కేటాయించాను.

రెండు కట్టలనూ కవచానికి దూరంగా, పెట్టె అడుగున ఉన్న సందులో పడేలా సర్ది, టేపుతో ఒకచోట నిలిపాను. కవచం వైపు అంచును వేలితో తడిమి చూశాను. చర్మాన్ని గీసేంత పదునుగానే ఉంది. వైర్లు పోయే చోట ఆ అంచుకూ టేపు మడిచి అతికాను. కవచం పెట్టాక స్క్రూలు బిగించకముందే ఒకసారి, బిగించాక ఒకసారి టార్చి వేసి చుట్టూ చూశాను. ఏ వైరూ కింద లేదు. కవచానికీ ఏడు పిన్నులకూ మధ్య మీటరు పెట్టాను. గ్రౌండ్ పిన్ను ఒక్కటే మోగింది, అది మోగాల్సిందే.

అడుగు స్క్రూలు ప్లాస్టిక్‌లోకి దిగుతాయి. వాటిని ముందు వెనక్కి తిప్పి, పాత గాడిలో పడినట్టు చిన్న 'టిక్' వినిపించాకే ముందుకు బిగించాలి. లేకపోతే కొత్త గాడి కోసుకుని, నాలుగుసార్లు విప్పేసరికి ప్లాస్టిక్ వదులైపోతుంది. చేతి బలం సరిపోతుంది. పవర్ డ్రైవర్ అక్కర్లేదు.

మూత లోపలివైపు చిన్న కాగితం అతికించాను. అందులో నాలుగు మాటలు: ఒకటో పోర్టు క్లాక్ వైరు అతికిన చోట్లు, టేపు వేసిన చోటు, వైర్లు కవచం కింద పోనివ్వవద్దని హెచ్చరిక, నెల, సంవత్సరం. తరువాత దీన్ని విప్పేది నేనే అయినా, ఇంకెవరైనా ఆ కాగితం ముందు కనిపిస్తుంది.

రాత్రి అన్నయ్య వచ్చాడు. ఒకటో కంట్రోలర్ తనే తీసుకున్నాడు, ఎప్పటిలాగే. గంటన్నర ఆడాం. ఆట మధ్యలో నేను లేచి వెళ్లి కన్సోల్‌ను రెండు చేతులతో ఎత్తి పక్కకు జరిపాను. అన్నయ్య ఉలిక్కిపడి "ఒరే, ఆగిపోతుంది!" అన్నాడు. ఆగలేదు. ఇంకొంచెం ఎత్తి, కొంచెం వంచి, మళ్లీ బల్ల మీద పెట్టాను. తెరమీద అన్నయ్య బొమ్మ గోతిని దాటి అవతలి వైపు దిగింది.